ఇంట్లో మొదటి బీరు: ఐదు గ్యాలన్ల పేల్ ఏల్ తయారుచేసే పద్ధతి

అమెరికాలో ఉంటూ, సొంత వంటగదిలో మొదటిసారి బీరు తయారుచేసి చూడాలని అనుకుంటున్న తెలుగువారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. పేల్ ఏల్ అంటే లేతరంగు బీరు రకం. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చి, ఇంటి వాడకానికి చేసుకునే బీరుకు పన్ను లేకుండా చేసింది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పరిమితి. అందులో ఒక్క సీసా కూడా అమ్మకూడదు. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉంటాయి, అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గానీ ఒప్పుకోలేదు, కాబట్టి మీ రాష్ట్రం సంగతి ముందుగా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అక్కడ ఉన్నవారు దీన్ని చదివి ఊరుకోవడమే మంచిది. నేను మొదటిసారి ఈ పని గురించి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ, "సారా కాస్తున్నావా నాయనా?" అని భయపడింది. సారాకు బట్టీ పెట్టి ఆవిరిని పట్టాలి, ఆ పనికి ఈ అనుమతి వర్తించదు. మనం చేసేది పులియబెట్టడం మాత్రమే.

కల్లు ఎలా తయారవుతుందో తెలిసినవారికి బీరు సంగతి తొందరగా అర్థమవుతుంది. తాటిచెట్టుకు కట్టిన కుండలోకి దిగిన తీపి నీరు, గాలిలోనూ ఆ కుండకు పట్టుకొనీ ఉన్న ఈస్ట్ వల్ల దానంతట అదే పులుస్తుంది. ఈస్ట్‌తోపాటు పులుపు పుట్టించే బాక్టీరియా కూడా చేరుతుంది గనుక పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది. బీరు విషయంలో అలా గాలికి వదిలేయరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి నీటిని, అంటే వర్ట్‌ను, హాప్స్ పువ్వులతో కలిపి గంటసేపు మరిగించి, చల్లార్చి, మనం ఎంచుకున్న ఒకే ఒక ఈస్ట్‌ను అందులో వదులుతారు. అందువల్ల మొదటి బీరు బాగా రావడం, రాకపోవడం రెసిపీ మీద కంటె రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: పొయ్యి ఆపిన తరవాత మీరు పాటించే శుభ్రత ఒకటి, ఈస్ట్ పనిచేసే మొదటి మూడు నాలుగు రోజుల వేడి రెండవది. కొత్తవారు ఈ రెండూ వదిలేసి హాప్స్ రకాల గురించి రాత్రంతా చదువుతూ కూర్చుంటారు. నేనూ అదే చేశాను.

సామాను, సరుకులు

ఐదు గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు పట్టే స్టీలు గిన్నె ఒకటి కావాలి; పదిమందిని భోజనానికి పిలిచినప్పుడు పులిహోరకు అన్నం వండే గిన్నె మీ ఇంట్లో ఉంటే అదే చాలు, ఎందుకంటే స్టీలు వాసన పట్టదు. ప్లాస్టిక్ సంగతి అలా కాదు. ఒకప్పుడు ఆవకాయో ఇంగువ పొట్లమో ఉంచిన డబ్బాను ఎంత తోమినా బీరుకు ఆ వాసన తగులుతుంది, కాబట్టి పులియబెట్టడానికి ఆరున్నర గ్యాలన్ల కొత్త ఫుడ్‌గ్రేడ్ బకెట్‌ను, దాని బిగుతైన మూతను, మూతకు అమర్చే ఎయిర్‌లాక్‌ను, అంటే లోపలి గ్యాసును బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టాన్ని, కొనండి. వీటితోపాటు అడుగున కుళాయి ఉన్న మరో బకెట్, బీరును ఒక బకెట్ నుంచి మరో బకెట్‌లోకి దించే ఆటో సైఫన్ గొట్టం, థర్మామీటర్, హైడ్రోమీటర్, సీసాలు నింపే గొట్టం, మూతలు, మూతలు బిగించే చేతి యంత్రం అవసరం. బీరు సరుకులు అమ్మే దుకాణాల్లో ఇవన్నీ కలిపి ఒకే పెట్టెగా ఇస్తారు. హైడ్రోమీటర్ చూసి కంగారు పడవలసిన పని లేదు, పాలల్లో నీళ్లు ఎంత కలిపారో చూడటానికి వాడే లాక్టోమీటర్ లాంటిదే ఇదీ. ద్రవంలో చక్కెర ఎక్కువగా ఉంటే పైకి తేలుతుంది, తగ్గితే మునుగుతుంది.

సరుకుల్లో ముఖ్యమైనది డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపిని ఎండబెట్టి చేసిన పొడి. బార్లీ గింజలను తామే నానబెట్టి తీపి తీసే పద్ధతి కూడా ఉంది గానీ, మొదటిసారికి ఆ శ్రమ వద్దని నా అభిప్రాయం. లేతరంగు డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 2.7 కిలోలు, రంగుకూ కాస్త కమ్మదనానికీ క్రిస్టల్ 40 మాల్ట్ అనే వేయించిన బార్లీ గింజలు 225 గ్రాములు, ఆ గింజలు కట్టడానికి పలుచని గుడ్డ సంచి, కాస్కేడ్ హాప్స్ గుళికలు 28 గ్రాముల పొట్లాలు మూడు, సఫేల్ యూఎస్-05 డ్రై ఈస్ట్ 11.5 గ్రాముల పొట్లం ఒకటి తీసుకోండి. కాస్కేడ్ 1972లో ఒరెగాన్ నుంచి విడుదలైన రకం, నారింజ తొక్కను గోటితో గిచ్చినప్పుడు వచ్చే లాంటి వాసన ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది. మాల్ట్ పొడిని కొన్న సంచిలోనే బిగించి ఉంచండి, గాలి తగిలితే బెల్లం గడ్డలా ముద్దకడుతుంది.

నీటి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చాలా నగరాల్లో కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరమిన్ అనే మందు కలుపుతారు, అది మరిగించినంత మాత్రాన సులువుగా పోదు, బీరులో ఉండిపోయి ఆసుపత్రిలో వేసే పట్టీల లాంటి మందు వాసన తెస్తుంది. దుకాణంలో ఒక్కో గ్యాలన్ పట్టే స్ప్రింగ్ వాటర్ డబ్బాలు ఐదారు కొని, వాటిలో మూడింటిని మూత తీయకుండా ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ చల్లని నీరు మరుసటి రోజు మీకు గంట శ్రమ తగ్గిస్తుంది.

మడి

వస్తువు శుభ్రంగా కనబడటం వేరు, బీరుకు పనికి వచ్చేంత శుభ్రంగా ఉండటం వేరు. మొదటిది తోమడం: బకెట్‌కు, గొట్టాలకు మరక గానీ జిడ్డు గానీ లేకుండా మెత్తని గుడ్డతో కడగాలి, పీచు వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడి వాటిలో బాక్టీరియా దాక్కుంటుంది. రెండవది శానిటైజర్: స్టార్ శాన్ అనే ద్రవాన్ని గ్యాలన్ నీటికి 6 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ప్రతి వస్తువునూ అందులో ఒకటి రెండు నిమిషాలు తడిపి తీస్తే సరిపోతుంది. దాన్ని మళ్లీ నీళ్లతో కడగకూడదు. బకెట్‌లో నురుగు మిగిలిందే అని ఆరాటపడి కుళాయి కింద పెట్టారంటే చేసిన పని అంతా పోయినట్టే. చెప్పిన పాళ్లలో కలిపితే ఆ నురుగు బీరుకు ఏ హానీ చేయదు.

మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజున నాయనమ్మ, తడి చేత్తో జాడీ దరిదాపులకు వచ్చినవారిని ఊరుకునేది కాదు. మడి బట్ట, మడి నీళ్లు, మడి గరిటె అని ఆమె పాటించిన పద్ధతే ఇక్కడ కావలసింది. పొయ్యి ఆపిన క్షణం నుంచి వర్ట్ మడిలో ఉందనుకోండి. దాన్ని తాకే గరిటె, థర్మామీటర్, మూత, గొట్టం, చివరికి ఈస్ట్ పొట్లం, దాన్ని కత్తిరించే కత్తెర కూడా శానిటైజర్‌లో మునిగి రావాలి. మరుగుతున్నప్పుడు మాత్రం ఈ పట్టింపు ఏదీ అక్కరలేదు, వేడే ఆ పని చూసుకుంటుంది. మరో మాట, ఇడ్లీ పిండి రుబ్బే రోజున, పెరుగు తోడుపెట్టే గట్టు మీద ఈ పని పెట్టుకోకండి. ఇడ్లీని, పెరుగును పులిపించే లాక్టిక్ బాక్టీరియా అక్కడ మనకు చుట్టమే గానీ, బీరులో పడితే దాన్ని పులుసు చేస్తుంది.

కాచే రోజు

నాలుగు గంటల తీరిక ఉన్న రోజు చూసుకోండి. గిన్నెలో రెండున్నర గ్యాలన్ల నీరు పోసి 68 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి పొయ్యి ఆపండి. దంచిన క్రిస్టల్ మాల్ట్‌ను గుడ్డ సంచిలో వదులుగా కట్టి, టీ ఆకును నానబెట్టినట్టు అరగంట ఆ నీటిలో ఉంచి, ఎత్తి, కారిపోయినంత కారనివ్వండి. సంచిని పిండవద్దు, నీటి వేడి 77 డిగ్రీలు దాటినా పొట్టులోని వగరు దిగుతుంది.

ఇప్పుడు మంట పెట్టి నీరు మరిగే దాకా ఆగండి, మరిగాక గిన్నెను మంట మీద నుంచి పక్కకు దించండి. దించకుండా పొడి పోస్తే అది అడుగంటి మాడుతుంది, ఆవిరికి సంచి మూతి దగ్గరే ఉండకడుతుంది. కొన్న మాల్ట్ పొడిలో సగం మాత్రమే ఇప్పుడు వేసి, ఉండలు లేకుండా కలిపి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. మిగిలిన సగం చివర్లో వేస్తాం. మొత్తం ముందే వేస్తే తక్కువ నీటిలో చక్కెర చిక్కబడి రంగు ముదురుతుంది, హాప్స్‌లోని చేదు కూడా సరిగా దిగదు.

మరుగు వస్తున్నప్పుడు గిన్నె దగ్గర నుంచి కదలవద్దు. మొదటి పది నిమిషాల్లో గోధుమరంగు నురుగు లేచి, కళ్ల ముందే అంచు దాకా వస్తుంది. సంక్రాంతికి పాలు పొంగితే సంబరం గానీ ఇది పొంగితే చక్కెర పాకం గ్యాసు పొయ్యి రంధ్రాల్లో గట్టిపడి, దాన్ని గీకడానికి ఆదివారం సరిపోదు. చేతిలో చన్నీళ్ల స్ప్రే సీసా పెట్టుకొని నురుగు మీద కొడుతూ మంట తగ్గించండి. కాసేపటికి ఆ నురుగు విరిగి, ముక్కలు ముక్కలుగా కిందికి దిగుతుంది. ఆ తరవాత పొంగే భయం చాలా వరకు పోతుంది. అప్పుడు మొదటి హాప్స్ పొట్లం వేసి గడియారం చూసుకోండి. మూత పెట్టకుండా గంటసేపు మరగాలి. ఇంకా 15 నిమిషాలు ఉందనగా రెండో పొట్లం వేయండి, 10 నిమిషాలు ఉందనగా మళ్లీ గిన్నె దించి మిగిలిన మాల్ట్ పొడి కలపండి, గంట పూర్తయి మంట ఆపగానే మూడో పొట్లం వేయండి. ముందు వేసిన హాప్స్ చేదునూ, చివర వేసినవి వాసననూ ఇస్తాయి.

వెంటనే గిన్నెకు మూత పెట్టి, మంచు ముక్కలు వేసిన నీటి తొట్టిలో, అంటే వంటగది సింకులో, దించండి. సింకులో నీరు వేడెక్కగానే మార్చండి. వర్ట్ 40 డిగ్రీలకు రావడానికి అరగంట దాకా పట్టవచ్చు, అంతకంటె దించాల్సిన అవసరం లేదు. దాన్ని మడి చేసిన బకెట్‌లోకి, అడుగున చేరిన పచ్చని మడ్డి వీలైనంత రాకుండా, ఎత్తు నుంచి ధారగా పోయండి. ఆ మీద ఫ్రిజ్‌లోని చన్నీళ్లు ఐదు గ్యాలన్ల గీత వచ్చే దాకా పోస్తే మొత్తం 20 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ధారగా పోయమన్నది ఎందుకంటే, ఈస్ట్ పెరగడానికి మొదట కాస్త ఆక్సిజన్ కావాలి. బీరు తయారీ మొత్తంలో గాలి కలిపితే మంచిది ఈ ఒక్కసారే. పులిసిన తరవాత గాలి తగిలితే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది.

శానిటైజర్‌లో ముంచిన పెద్ద గరిటెతో అడుగు దాకా బాగా కలిపి, కొద్దిగా తీసి హైడ్రోమీటర్‌తో కొలవండి. వట్టి నీటికి అది 1.000 చూపిస్తుంది, ఇక్కడ 1.054 చుట్టుపక్కల రావాలి. 1.030 వచ్చిందంటే మాల్ట్ తగ్గలేదు, చిక్కని వర్ట్ కిందా నీళ్లు పైనా ఉండిపోయాయి, సరిగా కలపలేదని అర్థం. ఆ అంకెను కాగితం మీద రాసి బకెట్‌కే అంటించండి. కొలవడానికి తీసిన వర్ట్‌ను తిరిగి పోయకూడదు, తాగి రుచి చూడండి. చివరగా ఈస్ట్‌ను పైన చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో శానిటైజర్ పోసి పెట్టండి. పాలు కాగి ఉండగానే తోడు వేస్తే పెరుగు తోడుకోనట్టే, వర్ట్ 20 డిగ్రీలు దాటి ఉంటే ఈస్ట్ వేయకుండా ఆగండి. మూత పెట్టి రెండు మూడు గంటలు ఆగినంత మాత్రాన ఏమీ చెడదు.

పులిసే రోజులు

నా మొదటి బీరు పోయింది ఇక్కడే. టెక్సస్‌లో జూన్ నెల, బకెట్‌ను గరాజ్‌లో ఓ మూల పెట్టి, ఎయిర్‌లాక్ టకటకా కొట్టుకోవడం చూసి మురిసిపోయాను. రెండు రోజుల్లో చప్పుడు ఆగింది. మూడు వారాలకు మూత తీసిన మొదటి సీసా నుంచి గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వచ్చింది. గొంతు దిగేటప్పుడు మంట, సగం గ్లాసుకే తలనొప్పి. మిగిలిన 47 సీసాలు ఒక్కొక్కటిగా సింకులో పోస్తుంటే నా భార్య పక్కన నిలబడి ఖాళీ సీసాలు లెక్కపెట్టింది. ఆ రోజుల్లో గరాజ్ పగటి వేడి 33 డిగ్రీలు. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది గనుక, బకెట్ లోపలి వేడి బయటి కంటె మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి ఈస్ట్ మామూలు ఆల్కహాలుతోపాటు ఘాటైన వేరే ఆల్కహాళ్లను, ద్రావకాల వాసనను కూడా పుట్టిస్తుంది.

ఈ ఈస్ట్‌కు బకెట్ లోపల 18 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. దానికి ఫ్రిజ్ కొనక్కరలేదు, మన కూజా చేసే పనే చేయించవచ్చు. బకెట్‌ను పెద్ద టబ్బులో నిలబెట్టి, టబ్బులో ఓ అడుగు ఎత్తు నీరు పోసి, బకెట్‌కు పాత బనీను తొడిగి దాని అంచు నీటిలో మునిగేలా ఉంచండి. పక్కన చిన్న ఫ్యాను పెడితే తడి ఆరుతూ బకెట్‌ను చల్లబరుస్తుంది. వేడి ఎక్కువగా ఉంటే గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండేసి చొప్పున పొద్దునా రాత్రీ టబ్బులో మార్చండి. టబ్బు నీటిలో ఒక థర్మామీటర్ వదిలి ఉంచితే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసుకోవచ్చు. ఇల్లంతా చల్లగా ఉండే చోట, చలికాలంలో, వెలుతురు పడని అల్మరా చాలు.

ఈస్ట్ వేసిన 12 నుంచి 24 గంటల్లో పైన మీగడ లాంటి నురుగు కడుతుంది. కొన్నిసార్లు ఆ నురుగు ఎయిర్‌లాక్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు దాన్ని తీసి, రంధ్రంలో వెడల్పైన గొట్టం దూర్చి, రెండో కొన శానిటైజర్ ఉన్న సీసాలో ముంచండి. లేదంటే రంధ్రం పూడుకుపోయి మూతే ఎగిరిపడుతుంది. నాలుగైదు రోజులకు నురుగు దిగిపోతుంది. ఇక అయిపోయిందని సీసాల్లోకి ఎత్తవద్దు. ఈస్ట్ తాను విడిచిన వెన్న వాసనలాంటి పదార్థాలను తానే తిరిగి తినేందుకు ఇంకా సమయం కావాలి, కాబట్టి మొత్తం రెండు వారాలు మూత తీయకుండా ఉంచండి. బుడగలు ఆగడం లెక్కకు రాదు, మూత వదులైతే పులుస్తున్నా బుడగ రాదు, ఎండ పడితే పులవకపోయినా వస్తుంది. పద్నాలుగో రోజున, మళ్లీ పదిహేడో రోజున హైడ్రోమీటర్‌తో కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె, 1.012 దగ్గర, వస్తే అప్పుడు పులవడం ముగిసింది. బకెట్‌కు అంటించిన మొదటి అంకెలోంచి ఈ చివరి అంకెను తీసి 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. ఇక్కడ అది అయిదున్నర.

సీసాలు

బీరులో గ్యాసు రావడానికి సీసాలో మళ్లీ కొద్దిగా చక్కెర వేసి ఈస్ట్‌తో తినిపిస్తాం, అందువల్ల కొలత తప్పితే సీసా పగులుతుంది. చక్కెరను చెంచాలతో కొలవకండి, తక్కెడ మీద తూచండి. 19 లీటర్ల బీరుకు మామూలు పంచదార 110 గ్రాములు చాలు. ఒకటిన్నర కప్పు నీటిలో అయిదు నిమిషాలు మరిగించి చల్లార్చిన ఆ పాకాన్ని కుళాయి ఉన్న బకెట్ అడుగున పోసి, సైఫన్ గొట్టం కొన ఈ బకెట్ అడుగుకు తాకేలా పెట్టి, బీరును చప్పుడు లేకుండా, సుడి తిరిగేలా అందులోకి దించండి. సైఫన్‌ను నోటితో పీల్చకండి, ఎంగిలి పడిన బీరు నిలవ ఉండదు. అడుగున గట్టిగా పేరుకున్న ఈస్ట్ మడ్డిని కదపకుండా వదిలేయండి.

సీసాలు 12 ఔన్సుల గోధుమరంగువి, ఓపెనర్‌తో తీసే రకానివి సుమారు 50 కావాలి. చేత్తో తిప్పి తీసే మూతల సీసాలకు యంత్రం సరిగా బిగియదు. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోకి వెలుతురు చొరబడితే హాప్స్‌లోని చేదు పదార్థం మారిపోయి స్కంక్ అనే అమెరికా జంతువు వదిలే కంపు లాంటి పాడు వాసన వస్తుంది, వాటి జోలికి వెళ్లకండి. నింపే గొట్టాన్ని సీసా అడుగుకు ఆనించి అంచు దాకా నింపి గొట్టం తీస్తే, పైన కావలసినంత అంగుళం ఖాళీ దానంతట అదే మిగులుతుంది. ఒక్క సీసాకు బదులు చిన్న ప్లాస్టిక్ సోడా సీసా నింపి, పక్కలు నొక్కి గాలి తీసి మూత పెట్టండి. ఆ సీసా రోజురోజుకూ ఉబ్బి గట్టిపడటాన్ని వేలితో నొక్కి చూస్తే, మిగిలిన సీసాల లోపల గ్యాసు ఎంత పట్టిందో తెలుస్తుంది. అది రాయిలా బిగిసి ఇంకా బిగుస్తుంటే అన్నింటినీ ఫ్రిజ్‌లోకి మార్చండి, చలికి ఈస్ట్ నిద్రపోతుంది.

సీసాలను మూత ఉన్న అట్టపెట్టెల్లో పెట్టి, 21 డిగ్రీల దగ్గర, పిల్లలకు అందని చోట రెండు వారాలు ఉంచండి. మొదటి వారంలోనే ఒకటి తీసి చూడాలని అందరికీ అనిపిస్తుంది, తీసి చూడండి, చప్పగా ఉంటుంది, ఆ తరవాత ఓపిక దానంతట అదే వస్తుంది. రెండు వారాలు గడిచాక తాగదలచిన సీసాను రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా నిలబెట్టండి, అడుగున పలుచని ఈస్ట్ పొర గట్టిపడుతుంది. శుభ్రమైన గాజు గ్లాసును వంచి పట్టుకొని ఒకే ధారలో, సీసాను మధ్యలో నిలబెట్టకుండా పోసి, చివరి అర అంగుళం మడ్డితోపాటు సీసాలోనే వదిలేయండి. ఖాళీ అయిన సీసాను అప్పుడే మూడుసార్లు వేడినీళ్లతో గలగరించి బోర్లించండి. రేపటికి వదిలేస్తే ఆ పొర ఎండిపోయి, తరవాతి బీరు రోజున ఒక్కో సీసాలో బ్రష్ తిప్పుతూ కూర్చోవలసి వస్తుంది.